మలుపుల దగ్గర గెలిచినోడు

మన క్యాంపస్‌లో బండ్ల గురించి మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. కానీ ముచ్చట ఎక్కడ మొదలైనా ఇంజన్ దగ్గరికి వచ్చి ఆగుతది. ఎన్ని సీసీ, ఎంత పవర్, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు. మలుపులో ఆ బండి ఎట్ల ఉంటది అని అడిగేటోళ్లు వందలో ఒకరిద్దరు. సస్పెన్షన్ అంటే మనకు భైంసా రోడ్డు మీద నడుం విరగకుండా కాపాడేది, అంతే. అందుకే ఈ సంచికకి ఒక ఇంజనీరు జీవితం రాయమన్నప్పుడు విశ్వేశ్వరయ్యనూ కె.ఎల్. రావునూ పక్కన పెట్టి (వాళ్ల గురించి స్కూల్లోనే చదువుకున్నం గదా), జీవితమంతా మలుపుల మీదే గడిపిన ఒక మనిషిని ఎంచుకున్న. పేరు కోలిన్ చాప్‌మన్. లోటస్ కార్ల కంపెనీ పెట్టినాయన. 1982లో చనిపోయాడు, అంటే మనమెవ్వరం పుట్టకముందే.

ముందే ఒక మాట చెప్తా. ఇది పొగడ్తల వ్యాసం కాదు. ఆయన తెలివిని చూస్తే దండం పెట్టాలనిపిస్తది, ఆయన కార్లలో పోయిన ప్రాణాల లెక్క చూస్తే ఆ చెయ్యి ఆగిపోతది. రెండూ రాస్తా, మీరే చూసుకోండి.

చాప్‌మన్ 1928 మే 19న లండన్ పక్కన రిచ్‌మండ్‌లో పుట్టాడు. తండ్రి హార్న్‌సీ అనే పేటలో రైల్వే హోటల్ పేరుతో పబ్బు నడిపేవాడు. కొడుకు యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో చేరి చదివింది ఆటోమొబైల్ కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరింగ్. అంటే వంతెనలు, ట్రస్సులు, బీములు. ఇక్కడ మన సివిల్ బ్రాంచి వాళ్లు కాలర్ ఎగరేసుకోవచ్చు. ఒక కడ్డీ మీద ఎంత బరువు పడుతుంది, ఎక్కడ వంగుతుంది, ఎక్కడ ఆ కడ్డీ అవసరమే లేదు, ఈ లెక్కలే ఆయన తర్వాత కార్లలో పెట్టాడు. ఆఖరి పరీక్షల్లో మ్యాథ్స్ తప్పాడు, మళ్లీ రాసి 1949లో డిగ్రీ తీసుకున్నాడు. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లు ఈ లైను ఇంట్లో చూపించుకోండి.

చదువుకుంటూనే స్నేహితుడితో కలిసి పాత కార్లు కొని అమ్మే బేరం పెట్టాడు. యుద్ధం అయిపోయిన కొత్తలో బ్రిటన్‌లో కొత్త కార్లన్నీ ఎగుమతికే పోయేవి కాబట్టి పాతవాటికి మంచి గిరాకీ. 1947లో ప్రభుత్వం మామూలు జనానికి ఇచ్చే పెట్రోలు కోటా ఆపేసింది. పెట్రోలే లేనప్పుడు కారెవరు కొంటరు? రేట్లు పడిపోయాయి, సంపాదించిందంతా పోయింది. చేతిలో అమ్ముడుపోని ఒక పాత ఆస్టిన్ సెవెన్ మిగిలింది.

ఆ మిగిలిన కారే లోటస్ కథకు మొదలు. కాబోయే భార్య హేజల్ వాళ్ల ఇంటి వెనక ఒక చిన్న గ్యారేజీ ఉండేది. అందులో పెట్టి పాత బాడీ మొత్తం పీకేసి, ప్లైవుడ్‌కు అల్యూమినియం రేకు అతికించి కొత్త బాడీ కట్టాడు. లోటస్ అని పేరు పెట్టాడు. ఆ తామరపువ్వు పేరు ఎందుకు పెట్టాడో బయట ఎవరికీ చెప్పకుండానే పోయాడు.

ఆస్టిన్ సెవెన్ 747 సీసీ ఇంజన్ ఉన్న బుడ్డ కారు. ముందు రెండు చక్రాలకూ కలిపి ఒకటే ఇరుసు, దాని మీద అడ్డంగా ఒక పట్టీ స్ప్రింగు. మన ఎడ్లబండి ఇరుసు గుర్తు తెచ్చుకోండి. ఒక చక్రం రాయెక్కితే రెండోది కూడా వాలిపోతది. టైరు నేలను సరిగ్గా పట్టుకోదు, స్టీరింగ్ చేతుల్లో కొట్టుకుంటది. చాప్‌మన్ తన తొలి కార్లలో చేసిన పని చాలా చవకైంది. ఆ ఇరుసును సరిగ్గా మధ్యలో కోసి, కోసిన రెండు కొసలనూ ఫ్రేముకు కీలు మీద బిగించాడు. ఇప్పుడు ఏ చక్రం దారి దానిదే. దీనికీ లోపం ఉంది: చక్రం పైకి కిందికి కదిలినప్పుడల్లా దాని వాలు, అంటే క్యాంబర్, బాగా మారిపోతది. అయినా జేబులో పైసల్లేని కుర్రాడికి ఒక రంపం బ్లేడు, వెల్డింగు ఖర్చుతో ఇండిపెండెంట్ సస్పెన్షన్ దొరికింది. 1952లో సిక్స్ అనే మోడల్ చేసినప్పుడు ఫోర్డ్ ఇరుసును కూడా ఇట్లనే కోసి వాడాడు.

మనకు దగ్గర్లో ఇట్లాంటి మనిషి లేడా అంటే ఉన్నాడు, కోయంబత్తూరులో. ఎస్. కరివర్ధన్. ఇంట్లో తెలుగు మాట్లాడే నాయుళ్ల కుటుంబం, మిల్లులూ యంత్రాల ఫ్యాక్టరీలూ ఉన్న ఇల్లు. చాప్‌మన్‌కు ఆస్టిన్ సెవెన్ ఎట్లనో ఆయనకు మారుతి 800 అట్ల. 1980ల చివర్లో ఆ మూడు సిలిండర్ల ఇంజన్ తీసి ఒంటి సీటు రేసు కార్లలో పెట్టి, ఫార్ములా మారుతి అనే కొత్త తరగతినే పుట్టించాడు. మన దేశంలో మామూలుగా దొరికే పార్టులతో రేసింగ్ నేర్చుకోవచ్చని చూపించాడు. 2005లో భారత్ నుంచి మొదటిసారి ఫార్ములా వన్‌లోకి అడుగుపెట్టిన నరైన్ కార్తికేయన్ ఆ కార్లలో నడిపి పైకొచ్చినవాడే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో ఉన్న రేస్ ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. ఆయన మీద విడిగా ఒక వ్యాసం రావాలి, ఎవరైనా ముందుకు రండి.

మళ్లీ చాప్‌మన్ దగ్గరికి. 1952 జనవరి 1న లోటస్ ఇంజనీరింగ్ కంపెనీ మొదలైంది. పెట్టుబడి హేజల్ ఇచ్చిన 25 పౌండ్ల అప్పు. షెడ్డు తండ్రి పబ్బు వెనకాల ఉన్న గుర్రాల పాక. పగలు ఒక అల్యూమినియం కంపెనీలో ఉద్యోగం, రాత్రి పాకలో వెల్డింగ్. సిక్స్ మోడల్ ఫ్రేము సన్న ఇనుప గొట్టాలతో త్రిభుజాలు త్రిభుజాలుగా కట్టిందే, అచ్చం ట్రస్ బ్రిడ్జి లాగ. ఒట్టి ఫ్రేము బరువు 25 కిలోలు, సిమెంటు బస్తాలో సగం.

అసలు విషయం ఇక్కడుంది, కొంచెం ఆగి చెప్తా. అప్పటిదాకా రేసు కార్ల వాళ్లు గట్టి స్ప్రింగులు వేసేవాళ్లు. కారు మలుపులో ఒరగకూడదు గదా అని. కానీ వాళ్ల ఫ్రేములు వదులు. ఫ్రేమే మెలి తిరుగుతుంటే అదే ఒక పెద్ద స్ప్రింగు అయిపోతది, పైగా దానికి షాక్ అబ్జార్బర్ ఉండదు. కాళ్లు ఊగే మంచం మీద ఎంత మంచి పరుపు వేస్తే ఏం లాభం? చాప్‌మన్ దీన్ని తిరగేశాడు. ఫ్రేమును బిర్రుగా చేసి, స్ప్రింగులను మెత్తగా పెట్టి, చక్రానికి పైకీ కిందికీ ఎక్కువ జాగా ఇచ్చి, ఆ కదలికను మంచి షాక్ అబ్జార్బర్లతో అదుపు చేశాడు. రోడ్డు ఎట్లున్నా నాలుగు టైర్లూ నేలను వదలొద్దు, అదే లెక్క. బలం ఇంజన్ నుంచి వచ్చినా కారును మలిపేదీ ఆపేదీ టైరు కింద ఉన్న అరచేయంత జాగానే.

దీన్ని మన ఊళ్లలో జరిగే పనితో పోల్చి చూడండి. కారు కిందికి ఉంటే బాగ తిరుగుతదని కాయిల్ స్ప్రింగును గ్రైండర్‌తో కోసేస్తరు. లెక్క చూద్దాం. స్ప్రింగు గట్టిదనం పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమం. ఎనిమిది చుట్లలో రెండు కోస్తే గట్టిదనం మూడో వంతు పెరుగుతది. షాక్ అబ్జార్బర్ మాత్రం పాతదే, దానికి ఈ స్ప్రింగును ఆపే శక్తి లేదు. కదలడానికి జాగా తగ్గింది కాబట్టి గుంత రాగానే రబ్బరు బంపుకు తగిలి టైరు ఎగురుతది. ఇంకో సంగతి చాలామందికి తెల్వదు. మారుతి 800 లాంటి మెక్‌ఫెర్సన్ స్ట్రట్ ఉన్న కారును మరీ దించితే కింది చెయ్యి పైకి వాలుతది, దాంతో రోల్ సెంటర్ అనే బిందువు కారు గురుత్వ కేంద్రం కన్నా ఎక్కువ దిగిపోతది. ఆ రెంటి మధ్య దూరం పెరిగిందంటే కారును ఒరిగించే మీట పొడవు పెరిగినట్టే. ఒరగకుండా చేద్దామని దించితే ఒరిగే గుణం పెరిగింది! అందుకే నా దగ్గరికి సలహాకు వచ్చే జూనియర్లకు చెప్పే వరస ఇదే: ముందు మంచి టైర్లు, అరిగిపోయిన బుష్‌ల మార్పు, వీల్ అలైన్‌మెంట్, తర్వాత షాక్ అబ్జార్బర్లు, అటు తర్వాతే స్ప్రింగులు, యాంటీ రోల్ బార్. ముందు బార్ ఒక్కటే లావు చేస్తే కారు మలుపులో ముక్కు తిప్పకుండా నేరుగా పోతానంటది, అది కూడా గుర్తుంచుకోవాలె.

చాప్‌మన్ పేరు పాకలోంచి బయటికి పోయిన సందర్భం కూడా ఇట్లాంటి అప్‌గ్రేడే. 1956లో వాన్‌వాల్ అనే బ్రిటిష్ జట్టు దగ్గర మంచి ఇంజన్ ఉంది, కారు మాత్రం తిరగట్లేదు. చాప్‌మన్‌ను పిలిచారు. ఆయన ఫ్రేము, సస్పెన్షన్ కొత్తగా గీసిచ్చాడు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో రీమ్స్ రేసుకు ఆయన్నే డ్రైవరుగా కూర్చోబెట్టారు కూడా. ప్రాక్టీసులో బ్రేకు పట్టేసి సొంత జట్టు డ్రైవరు హాథార్న్ కారునే గుద్దాడు, రేసులో నిలబడలేకపోయాడు. గ్రాండ్ ప్రి డ్రైవరుగా ఆయన చరిత్ర అక్కడితో సమాప్తం. వాన్‌వాల్ మాత్రం 1958లో, కార్ల తయారీదారులకు ఇచ్చే ప్రపంచ టైటిల్‌ను ఆ టైటిల్ పెట్టిన మొదటి ఏడాదే గెలిచింది.

1957లో లోటస్ సెవెన్ వచ్చింది, విడి పార్టులుగా కొనుక్కొని ఇంట్లో బిగించుకునే కారు. 1962లో ఎలాన్ వచ్చింది. మెత్తని స్ప్రింగులతో రోడ్డు కారు ఎంత బాగ తిరగగలదో చూడాలంటే ఇప్పటికీ ఎలాన్ పేరే చెప్తరు. ఇవి చదవడానికి బాగుంటయి కానీ నేను తొందరగా దాటేస్తున్న, ఎందుకంటే అసలు మెలిక రేసుల్లో ఉంది.

1960లో స్టిర్లింగ్ మాస్ మొనాకోలో గెలిచాడు, లోటస్ కారుకు అదే మొదటి గ్రాండ్ ప్రి గెలుపు. నెల తిరగకుండానే బెల్జియంలోని స్పా ట్రాకుకు పోయారు. ప్రాక్టీసులో మాస్ లోటస్ వెనక చక్రం ఊడిపోయి రెండు కాళ్లు విరిగాయి. అదే రోజు మైక్ టేలర్ అనే కుర్రాడి లోటస్‌లో స్టీరింగ్ కాలమ్ విరిగింది, అతని రేసింగ్ జీవితం అక్కడే ముగిసింది. తర్వాత అతను లోటస్ మీద కోర్టుకెళ్లి పరిహారం గెలిచాడు. రేసు రోజు ఇంకో లోటస్ డ్రైవరు అలన్ స్టేసీ ముఖానికి పక్షి తగిలి చనిపోయాడు. పక్షి సంగతి విధి అనుకుందాం. ఊడిన చక్రం, విరిగిన స్టీరింగ్ మాత్రం విధి కావు, డ్రాయింగ్ బోర్డు మీద తీసేసిన గ్రాములు.

చాప్‌మన్ నమ్మకం సూటిగా ఉండేది. పవర్ పెంచితే నేరుగా ఉన్న రోడ్డు మీద వేగం వస్తది, బరువు తగ్గిస్తే అన్నిచోట్లా వస్తది. భౌతికశాస్త్రం ప్రకారం ఇందులో తప్పు లేదు. తేడా ఎక్కడంటే, ఒక పార్టు విరిగేదాకా సన్నగా చేసుకుంటూ పోతే అది విరిగినప్పుడు లోపల ఒక మనిషి కూర్చొని ఉంటాడు.

1962లో లోటస్ 25 తెచ్చాడు. గొట్టాల ఫ్రేము పోయి రేకులను పెట్టెలా మడిచి కట్టిన మోనోకాక్ వచ్చింది. తేలిక, ఇంకా బిర్రు. స్ప్రింగులు ఇంకా మెత్తగా పెట్టుకోవచ్చు. దాన్ని నడిపింది జిమ్ క్లార్క్, స్కాట్లాండ్ రైతు బిడ్డ. 1963లో పది రేసుల్లో ఏడు గెలిచి ఛాంపియన్ అయ్యాడు, 1965లో మళ్లీ. అదే ఏడు అమెరికా వెళ్లి ఇండియానాపొలిస్ 500 కూడా గెలిచాడు. చాప్‌మన్, క్లార్క్ అన్నదమ్ముల్లా ఉండేవాళ్లంటరు. తను గీసిన కారును మాటల్లో పెట్టి చెప్పే డ్రైవరు దొరకడం ఇంజనీరుకు అదృష్టం. 1967లో ఫోర్డ్ డబ్బుతో తయారైన కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఇంజన్‌ను లోటస్ 49లో పెట్టి, ఇంజన్‌నే కారు వెనక సగం చేశాడు. వెనక సస్పెన్షన్ ఇంజన్‌కే బిగించి ఉంటుంది, దాని వెనక ఫ్రేమే లేదు. దిగిన మొదటి రేసులోనే క్లార్క్ గెలిచాడు. 1968 ఏప్రిల్ 7న జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో ఒక చిన్న తరగతి రేసులో క్లార్క్ లోటస్ చెట్లలోకి దూసుకుపోయింది. వయసు 32.

ఆ ఏడాది నుంచి కార్ల మీద రెక్కలు మొలిచాయి. విమానం రెక్కను తిరగేస్తే గాలి కారును కిందికి నొక్కుతది. చాప్‌మన్ ఆ రెక్కను పొడవాటి కర్రల మీద నిలబెట్టి నేరుగా చక్రాల హబ్బు దగ్గరే బిగించాడు, నొక్కుడు స్ప్రింగుల మీద పడకుండా సూటిగా టైరుకు పోవాలని. ఆలోచన అద్భుతం. 1969లో స్పెయిన్‌లో గ్రాహమ్ హిల్, యోహెన్ రింట్ ఇద్దరి కార్ల రెక్కలూ ఒకే రేసులో విరిగాయి. రింట్ గాయాలతో బయటపడ్డాడు. తర్వాత చాప్‌మన్‌కు ఉత్తరం రాశాడు, బలహీనంగా ఉన్న పార్టులకు కాస్త బరువు కలిపి గట్టి చెయ్యమని.

1970లో లోటస్ 72. నా లెక్కలో రేసు కార్లలో దీనంత అందమైన ఆలోచన తక్కువ. ముందు ముక్కు ఉలిలాగ సన్నం, రేడియేటర్లు పక్కలకు, స్ప్రింగుల బదులు మెలితిరిగే టార్షన్ బార్లు. ముందు బ్రేకులు చక్రాల్లోంచి తీసి కారు లోపలికి జరిపాడు. ఎందుకంటే చక్రంతో పాటు ఎగిరే బరువు ఎంత తగ్గితే టైరు నేలను అంత బాగ పట్టుకుంటది. వానాకాలం మన నల్లరేగడి చేన్లో నడిచి చూడండి, చెప్పుకు అంటిన మట్టితో అడుగు ఎత్తి వెయ్యడం ఎంత కష్టమో. ఆ మట్టిని దులిపెయ్యడమే ఈ పని. మొదట్లో ఆ కారు అసలు తిరగలేదు. బ్రేకు వేస్తే ముక్కు దిగకుండా, పికప్ ఇస్తే వెనక కూలబడకుండా సస్పెన్షన్ చేతులను వాలుగా పెట్టారు, దాంతో స్టీరింగ్ బరువెక్కింది, డ్రైవరుకు టైరు మాట వినపడలేదు. ఆ తెలివి మొత్తం పీకేసి మామూలుగా పెట్టాక రింట్ వరసగా నాలుగు రేసులు గెలిచాడు. అప్‌గ్రేడ్ అంటే కలపడమే కాదు, తీసెయ్యడం కూడా.

బ్రేకు లోపల ఉంటే ఆపే బలం చక్రానికి ఒక షాఫ్టు ద్వారా పోవాలి. 1970 సెప్టెంబర్ 5న ఇటలీలో మోంజా ప్రాక్టీసులో ఆ షాఫ్టు విరిగింది. కారు గార్డ్ రైలులోకి దూరింది. ఆ రైలు సరిగ్గా బిగించలేదనీ, రింట్ బెల్టులన్నీ పెట్టుకోలేదనీ అన్నరు, రెండూ నిజమే. షాఫ్టు విరిగిందన్నది కూడా నిజమే. రింట్‌కు 28 ఏళ్లు. అప్పటికే వచ్చిన పాయింట్లను మిగిలిన రేసుల్లో ఎవ్వరూ దాటలేకపోవడంతో చనిపోయాక ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అట్ల అయినవాడు అతనొక్కడే. అదే మోడల్‌తో 1972లో ఫిట్టిపాల్డి ఛాంపియన్ అయ్యాడు.

1970ల చివర్లో చాప్‌మన్ కారు అడుగు భాగాన్నే రెక్కలా మలిచాడు. కింద గాలి ఇరుకులో వేగంగా పోతూ కారును నేలకు పీల్చుకుంటది. 1978లో మారియో ఆండ్రెటి లోటస్ 79తో ఛాంపియన్. సంబరం చేసుకునే పరిస్థితి లేదు, మోంజాలోనే మొదట్లో జరిగిన గుద్దులాటలో జట్టు సహచరుడు రానీ పీటర్సన్ గాయపడి మర్నాడు చనిపోయాడు. ఈ పీల్చే కార్లకు ఇంకో చిక్కు ఉంది. నేలకూ కారుకూ మధ్య సందు మారితే పీల్చే బలం మారిపోతది, అందుకని స్ప్రింగులు రాయిలా గట్టిగా పెట్టాల్సి వచ్చింది. మెత్తని స్ప్రింగులతో పేరు తెచ్చుకున్న మనిషి చివరికి స్ప్రింగే లేనట్టుండే కార్లకు కారణమయ్యాడు. డ్రైవర్ల వెన్ను, చూపు రెండూ అదిరిపోయేవి. దీనికి మందుగా 1981లో లోటస్ 88 చేశాడు. ఒక కారులో రెండు ఛాసిస్‌లు: బయటిది గాలి బలాన్ని గట్టి స్ప్రింగుల మీద చక్రాలకు చేరుస్తది, లోపలిది డ్రైవరును మెత్తగా మోస్తది. పోటీ జట్లు గొడవ చేశాయి, రేసులో దిగకుండానే నిషేధించారు.

అప్పటికి ఆయన మెడకు ఇంకో వ్యవహారం చుట్టుకుంది. అమెరికన్ జాన్ డిలోరియన్ బ్రిటిష్ ప్రభుత్వ డబ్బుతో ఉత్తర ఐర్లాండ్‌లో కార్ల ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ కారు ఛాసిస్ తయారుచేసే పని లోటస్‌కు వచ్చింది. అందుకని చెల్లించిన సొమ్ములో ఒక కోటీ 70 లక్షల డాలర్లకు పైగా పనామాలో నమోదైన ఒక కంపెనీలోకి పోయి మాయమైంది. 1982లో డిలోరియన్ కంపెనీ కూలిపోయింది, ఆరా మొదలైంది. చాప్‌మన్ విచారణ దాకా రాలేదు. 1982 డిసెంబర్ 16 తెల్లవారుజామున గుండెపోటుతో ఇంట్లోనే పోయాడు. వయసు 54.

ఆ రోజే స్నెటర్టన్ ట్రాకు మీద లోటస్ ఇంజనీర్లు కొత్త కారును మొదటిసారి నడిపి చూస్తున్నరు. దానికి మామూలు స్ప్రింగులకు బదులు హైడ్రాలిక్ జాక్‌లు. ప్రతి చక్రం కదలికను కంప్యూటర్ చూసి, ఏ చక్రం ఎంత లేవాలో, ఎంత దిగాలో అదే నిర్ణయిస్తది. యాక్టివ్ సస్పెన్షన్. మెత్తగా ఉండాలా, గట్టిగా ఉండాలా అనే ప్రశ్నకు రెండూ అనే జవాబు. 1987లో మొనాకోలో అయర్టన్ సెన్నా ఆ సస్పెన్షన్ ఉన్న లోటస్‌తోనే గెలిచాడు. 1992లో విలియమ్స్ జట్టు ఇట్లాంటి సస్పెన్షన్‌తోనే ప్రపంచ టైటిల్ కొట్టింది. అదే 1992లో బెల్‌ఫాస్ట్ కోర్టులో చాప్‌మన్ దగ్గర లెక్కలు చూసిన ఫ్రెడ్ బుషెల్‌కు డిలోరియన్ సొమ్ము కేసులో మూడేళ్ల జైలు పడింది. చాప్‌మన్ బతికి బోనులో నిలబడి ఉంటే ఆయనకు కనీసం పదేళ్లు పడేవని జడ్జి చెప్పాడు.